పచ్చగదిలో నాలుగు నిమిషాలు

మధ్యాహ్నం మూడు గంటల నలభై ఒక్క నిమిషానికి ఆమె చెవులకున్న పచ్చరాళ్ల దిద్దులు తీసి పర్సులో వేసుకుంది. కొత్త స్టూడియోలో పచ్చరంగు పనికిరాదు. అక్కడ గోడలు పచ్చ, నేల పచ్చ. కెమెరా ఆ పచ్చనంతా మింగేసి దాని చోట కంప్యూటరు గీసిన బొమ్మ పెడుతుంది. మరిచిపోయి పచ్చరాయి పెట్టుకుంటే, తెర మీద చెవికి చిల్లు పడి వెనకాల బొమ్మ అందులోంచి కనిపిస్తుంది. మొదటి వారంలో ఒకసారి అలాగే అయింది. బులెటిన్ అవగానే ఇంటి నుంచి అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నీ చెవిలోంచి లారీ పోయింది."

పందొమ్మిదేళ్లు ఆమె బల్ల వెనక కూర్చుని వార్తలు చదివింది. ఆఫీసులో ఆమె పేరు డెస్కు అక్క. రెండు నెలల కిందట ఆ బల్ల తీసేశారు. ఇప్పుడు నిలబడాలి, నడవాలి, చేతులు ఊపాలి. తుఫాను వార్తకి గొడుగు పట్టుకుని ఊగాలి. కోర్టు వార్తకి బోనులోకి ఎక్కాలి. ఇదంతా ఎడిటరు తెచ్చిన కొత్త పద్ధతి. వార్త వార్తకీ ముందు ఖణేల్‌మని గంట కొట్టించేది కూడా ఆయనే కాబట్టి అందరూ ఆయన్ని చాటుగా గంటల సార్ అంటారు.

నాలుగు గంటల బులెటిన్ ఆమె చేతిలో ఉండాలా, నడక బాగా వచ్చిన ఇరవయ్యారేళ్ల అమ్మాయికి పోవాలా అన్నది గురువారం వచ్చే ప్రేక్షకుల లెక్కలతో తేలిపోతుందని ఆయన చెప్పేశాడు. పోతే ఆమెకి గొంతుగది. అంటే మొహం లేకుండా, కదిలే బొమ్మల మీద వాక్యాలు చదివే కొట్టు.

"మీతో వచ్చిన చిక్కేంటంటే మీరు ఆగుతారు," అన్నాడు ఆ రోజు కూడా. "మీరు ఆగితే వాళ్లు చానెల్ మారుస్తారు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు రావాలి. తెలియకపోయినా తెలిసినట్టు రావాలి."

ఆ రోజు వార్త ఒక సెల్లారు. మొన్న రాత్రి వానకి ఒక అపార్టుమెంటు కింద కార్లు పెట్టుకునే చోటు నిండా నీళ్లు వచ్చాయి. కార్లు బయటికి తీద్దామని దిగిన ముగ్గురు మునిగిపోయారు. నిన్న పొద్దున మూడు శవాలు దొరికాయి. నీళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. గ్రాఫిక్స్ అమ్మాయి రాత్రంతా కూర్చుని ఆ సెల్లారుని తయారుచేసింది. ఆరు స్తంభాలు, పదకొండు కార్లు, ఎడమ మూలన పైకి మెట్లు, నడుము దాకా ఊగే నల్లటి నీళ్లు.

"లోపల ఇలాగే ఉంటుందా?" అని అడిగింది డెస్కు అక్క.

"లోపలికి ఎవరు పోనిచ్చారక్కా? సెల్లార్లన్నీ ఒకలాగే ఉంటాయి కదా."

"మరి ఆ ముగ్గురు ఎక్కడ పోయారో..."

"తెలిస్తే గ్రాఫిక్స్ ఎందుకు?" అన్నాడు గంటల సార్ వెనక నుంచి. "నీళ్లలో నడవండి, స్తంభం దగ్గర ఆగండి, చెయ్యి చూపించండి. అంతే."

కెమెరాలు బయట గదిలోంచే తిప్పుతారు. స్టూడియోలో బాబాయి ఒక్కడే సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఫ్లోర్ మేనేజరు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ఆమె చేరిన రోజు నుంచీ ఆమెకి బాబాయే. కొత్త పద్ధతి వచ్చాక ఆయనకి తల నుంచి పాదాల దాకా పచ్చ గుడ్డ తొడిగారు. ఆమె నేలకేసి చూడకూడదు. ఎటు ఎన్ని అడుగులు వెయ్యాలో ఆయన వెనక నుంచి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తాడు. ఒళ్లంతా పచ్చ కాబట్టి తెర మీద ఆయన లేనట్టే.

"చిలకలా ఉన్నావు బాబాయ్."

"కూతురి పెళ్లికి ఇదే వేసుకుంటా. భోజనాల ఖర్చు అడగడానికి ఎవరికీ కనపడను," అన్నాడు ముసుగు లాక్కుంటూ.

ఇందులో ఒక్క ఇబ్బంది ఉంది. బాబాయి చేతి తొడుగు కూడా పచ్చదే. వేళ్లు ముందుకి వస్తే తెర మీద ఆమె కోటు చేతికి నాలుగు చిల్లులు పడతాయి, వాటిలోంచి వెనకాల బొమ్మ కనిపిస్తుంది. అందుకని వెనక నుంచి రెండు వేళ్లతో తాకితే చాలని గంటల సార్ గట్టిగా చెప్పాడు.

నాలుగు గంటలకి గంట మోగింది. ముఖ్యాంశాలు చదివింది. ఆరో నిమిషంలో చుట్టూ సెల్లారు వచ్చింది. ఆమె చుట్టూ కాదు, ఎదురుగా ఉన్న చిన్న తెర మీద. ఆమె చుట్టూ ఉన్నది ఎప్పటి పచ్చగదే. ఏసీ హోరు, లైట్ల వేడి. తెరలో మాత్రం నడుము దాకా నీళ్లు.

మోచేతి మీద చెయ్యి పడింది. ఆమె నడిచింది.

"బాగుంది, బాగుంది," అన్నాడు గంటల సార్ చెవిలో ఉన్న ఇయర్‌ఫోనులోంచి. "ఎడమకి రండి."

చెయ్యి కుడికి తిప్పింది. బాబాయి ఎన్నడూ అలా పొరబడడు. ఆమె మాట ఆపకుండా మోచెయ్యి కొంచెం బిగించి చూసింది. చెయ్యి వదల్లేదు. బరువుగా ఉంది. కోటు గుడ్డలోంచి చల్లగా తగులుతోంది.

"ఎక్కడికండీ అటు? ఎడమకి, ఎడమకి."

ఆమె చదువుతూనే ఓరకంట తెర చూసింది. వేళ్లు ముందుకి వచ్చేశాయి, నాలుగూ మోచేతికి తగులుతున్నాయి. కోటుకి చిల్లులు పడి ఉంటాయని, గంటల సార్ తిట్టబోతున్నాడని అనుకుంది.

చిల్లులు లేవు.

కోటు చెయ్యి పూర్తిగా ఉంది. నాలుగు వేళ్లు నొక్కిన చోట గుడ్డ లోపలికి ముడతపడి ఉంది. అంతే. ఆ వేళ్ల మీద పచ్చ తొడుగు ఉంటే అక్కడ నీళ్లు కనిపించాలి. తొడుగు లేకపోతే వేళ్లు కనిపించాలి. రెండూ లేవు... ముడతలు మాత్రం ఉన్నాయి. అవి ఇంకొంచెం లోతుగా దిగాయి.

ఆమె వాక్యం మధ్యలో ఆగింది.

"ఆగకండి," అన్నాడు చెవిలో.

నాలుగూ పదకొండుకి కరెంటు పోయింది.

లైట్లు, తెర, ఏసీ, చెవిలో గొంతు, అన్నీ ఒక్కసారే. ఆ గదికి కిటికీలు లేవు. గోడలకి శబ్దం రాకుండా దళసరి మెత్తలు. అలాంటి గదిలో చీకటి పడితే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఆమెకి తన ఊపిరి వినిపించింది. కొంచెం వెనకగా ఇంకో ఊపిరి... తడిగా, ఆగి ఆగి.

"బాబాయ్," అంది గొంతు తగ్గించి. "వదులు. నొప్పిగా ఉంది."

వాసన మొదలైంది. బురద, డీజిలు, నానిన సిమెంటు. చెయ్యి కిందికి లాగుతోంది. అప్పుడు అర్థమైంది ఆమెకి. ఆ చెయ్యి తనని నడిపించడం లేదు. ఆసరా పట్టుకుంది. ఎంతోసేపు నిలబడి కాళ్లు చచ్చుబడిన మనిషి పట్టుకున్నట్టు, తన ఒంటి బరువంతా ఆమె మోచేతి మీద వేసింది.

చెవికి దగ్గరగా ఒక మగ గొంతు, ముసలిది.

"మెట్లు ఎటమ్మా?"

ఎక్కడో నీళ్లు గోడకి తగిలి వెనక్కి వస్తున్నాయి... మెల్లగా... మళ్లీ.

"మెట్లు ఎటు?"

అడిగితే ఆగకూడదు. వెంటనే జవాబు రావాలి. ఆమెకి తెలిసిన సెల్లారు ఒక్కటే.

"ఎడమ వైపు," అంది. "మూడో స్తంభం దాటాక, మూలన."

"ఎడమా?"

ఆ గొంతులో అనుమానం ఉంది. ఆమె పందొమ్మిదేళ్ల గొంతు తెచ్చుకుంది. తొణకని గొంతు, ఇళ్లలో జనం నమ్మే గొంతు.

"అవును. ఎడమే."

చెయ్యి వదిలింది. నీళ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ ఎవరో దూరం వెళుతున్న చప్పుడు. ఆ గది పొడవు పన్నెండు అడుగులు. చప్పుడు చాలాసేపు వెళ్లింది.

జనరేటరు అందుకునే సరికి నాలుగు నిమిషాలు పట్టింది. లైట్లు వచ్చాయి. నేల పొడిగా ఉంది. తలుపు కరెంటు తాళం విడింది. బాబాయి లోపలికి వచ్చాడు, ముసుగు చేతిలో పట్టుకుని, చెమటతో.

"ఊపిరాడక బయటికి పోయానమ్మా. నువ్వు మొదలెట్టాక తలుపు తియ్యకూడదని బయటే కూర్చున్నా. ఏమనుకోకు."

"ఎప్పుడు పోయావు?"

"గంట మోగకముందే. ఒక్కదానివే భలే నడిచావు."

బులెటిన్ ముగించి ఆమె నేరుగా గ్రాఫిక్స్ గదికి వెళ్లింది.

"ఆ మెట్లు ఎడమ వైపని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదక్కా. మీ కాగితంలో ఎడమకి నడవాలని ఉంది. మీరు నడిచే వైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని పెట్టాను."

అగ్నిమాపక కేంద్రం అధికారి ఆమెకి తెలిసినవాడే. ఫోన్ చేసింది.

"ఆ సెల్లారులో ఇంకెవరైనా ఉన్నారేమో..."

"లేరమ్మా. ముగ్గురే లెక్క, ముగ్గురూ దొరికారు. పంపులు కూడా వేరే చోటికి పంపేశాం. ఎవరైనా ఏమైనా చెప్పారా?"

ఎవరు చెప్పారని చెబుతుంది? పిచ్చి పట్టిందంటారు. ఆ మాట గంటల సార్ దాకా వెళితే గురువారం దాకా ఆగడు. "ఊరికే అడిగాను," అని పెట్టేసింది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు టీవీ ముందే ఉన్నారు.

"మధ్యలో బొమ్మ పోయిందేం?"

"కరెంటు పోయిందత్తయ్యా."

"బొమ్మ పోయింది కానీ నీ మాట వస్తూనే ఉంది. ఎవరినో ఎడమకి పొమ్మంటున్నావు. అవతలి మనిషి ఏమన్నాడో వినపడలేదు."

మర్నాడు ఆమె ఇంజనీరుని అడిగింది. ఆ నాలుగు నిమిషాలూ స్టూడియో నుంచి బొమ్మ కాదు, మాట కాదు, ఏదీ బయటికి పోలేదన్నాడు. రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాడు.

గురువారం లెక్కలు వచ్చాయి. నాలుగు గంటల బులెటిన్ ఆమె దగ్గరే ఉంది. "ఆ సెల్లారు మళ్లీ చేద్దాం," అన్నాడు గంటల సార్.

శుక్రవారం సెల్లారు పూర్తిగా తోడారు. ఎడమ గోడ మూలన నాలుగో శవం దొరికింది. ఆ బిల్డింగులో ఒకరి కారు డ్రైవరు, అరవై దాటినవాడు. యజమాని ఊళ్లో లేడు, డ్రైవరు తన ఇంటికి పోయాడనుకున్నారు. వాన పడిన రాత్రి కారులో పడుకున్నాడట. నీళ్లకీ కప్పుకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత, మూరెడు ఖాళీ ఉందని, మెట్లు కుడి వైపు ఉన్నాయని రిపోర్టరు రాసి పంపాడు. ఆ ముక్క ఆమే చదివింది. నడుస్తూ చదివింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి పోలీసులు ఆ డ్రైవరు ఫోను వివరాలు తెప్పించారు. వాన పడిన రాత్రి నుంచి ఆ ఫోను ఎవరికీ పలకలేదు. ఒక్క కాల్ మాత్రం నమోదై ఉంది. మూడో రోజు మధ్యాహ్నం నాలుగూ పదకొండుకి మొదలై, నాలుగు నిమిషాలు సాగింది. అవతలి నంబరు ఉండాల్సిన గడిలో ఏమీ లేదు.