కాలిమ్నోస్‌లో పసుపు గొడుగు

దామియానోస్ కాఫీ సగం తాగి, మంచినీళ్ళ గ్లాసు అందుకుని ఒక్క గుక్క మింగాడు. తర్వాత ఎవరో వెనక నుంచి పిలిచినట్టు మెడ తిప్పి, కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయాడు.

పట్టపగలు. ఈస్టర్ వారం కావడంతో కాలిమ్నోస్ రేవు జనంతో కిటకిటలాడుతోంది. "ఎండదెబ్బ" అన్నాడు కాఫీ హోటలతను. "గుండె" అన్నాడు డాక్టర్. సముద్రం అడుగున దొరికే స్పాంజీల వ్యాపారినని చెప్పుకుంటూ అక్కడ తిరుగుతున్న ఆ మనిషి గ్రీకు గూఢచారి శాఖ ఏజెంటని ఆ ఇద్దరికీ తెలియదు.

పక్క టేబుల్ దగ్గర కూర్చున్న అందగత్తెకు తెలుసు. ఆమె నల్ల కళ్ళద్దాలు సవరించుకుని, తొందరపడకుండా లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఏథెన్స్‌లో కర్నల్ స్కార్లాతోస్ తన గది తలుపు గడియపెట్టాడు.

"కూర్చో అర్గిరిస్."

"ఫర్వాలేదు సార్."

"కూర్చోమన్నాను. నువ్వలా గదంతా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది."

అర్గిరిస్ కూర్చున్నాడు. కాలు మాత్రం ఆగలేదు. ట్రైనింగ్‌లో దామియానోస్‌ది తన పక్క మంచం. ఈత రాని తనకు ఈత నేర్పింది అతనే.

"నిన్న అతని ఆఖరి వైర్‌లెస్ మెసేజ్ వచ్చింది. 'టార్గెట్ ఇంజనీర్. ఈస్టర్ ఆదివారం. చప్పుళ్ళలో చప్పుడు.' అంతే."

"ఇంజనీర్ అంటే సకెల్లారిసా?"

"ఆయనే. సముద్రం అడుగున సబ్‌మెరైన్ కదిలితే ఒడ్డున కూర్చుని వినే యంత్రం తయారుచేస్తున్నాడు. సగం కాగితం మీద ఉంది, మిగతా సగం ఆయన తలలో ఉంది. ఆ తల లేకపోతే కాగితం చెత్తబుట్టకే."

"మరి చప్పుళ్ళలో చప్పుడంటే?"

"కాలిమ్నోస్‌లో ఈస్టర్ ఎప్పుడూ చూడలేదా? అక్కడి మగాళ్ళు కొండలెక్కి డైనమైట్ విసురుతారు. ద్వీపమంతా దద్దరిల్లిపోతుంది. అందులో ఇంకొకటి పేలితే ఎవడు తల తిప్పి చూస్తాడు?"

"ఆయన్ని వెళ్ళొద్దనండి సార్."

"అన్నాను. 'మా అమ్మ వండే పండగ మాంసం తిని ఎన్నేళ్ళయిందో, మీరూ మీ సబ్‌మెరైన్లూ సముద్రంలో దూకండి' అన్నాడు." కర్నల్ సిగరెట్ నలిపేశాడు. "ముఠా నాయకుడు మాన్‌హార్ట్. పురాతన వస్తువుల వ్యాపారిలా తెల్ల యాట్‌లో తిరుగుతుంటాడు. ఏ దేశం పోషిస్తే ఆ దేశం మనిషి. అతని పక్కన ఇస్మీనీ రాలీ అనే ఆవిడ ఉంటుంది. మన డబుల్ ఏజెంట్."

"నమ్మొచ్చా?"

కర్నల్ కిటికీలోంచి బయటికి చూశాడు. "దామియానోస్ నమ్మాడు."

అర్గిరిస్ లేచాడు. కర్నల్ అతని చేతిలో ఒక సిగరెట్ లైటర్ పెట్టాడు. రేడియోతో పేలే బాంబుకి జానెడు దూరంలోకి వెళితే అది టిక్కుటిక్కుమంటుంది. మామూలుగా నొక్కితే వెలగదు. "సిగరెట్ మానేసే అవకాశం కూడా ఇస్తున్నాం" అన్నాడు కర్నల్, నవ్వకుండా.

శుక్రవారం మధ్యాహ్నం కాలిమ్నోస్‌లో పడవ దిగినవాడు గళ్ళ కోటు, మందపాటి కళ్ళద్దాలు, చంకలో టైప్‌రైటర్‌తో ఉన్నాడు. హత్యల నవలలు రాసే రచయిత. ఈసారి నవల ఈ ద్వీపంలోనే జరుగుతుందట. అద్దెకు తీసుకున్న గది సకెల్లారిస్ తల్లి థెమెలీనా ఇంట్లో. ఆ ఇల్లు ఊరి చివర రాతిగట్టు అంచున ఉంది. డాబా పిట్టగోడకి అవతల కింద నీళ్ళే.

"ఎవర్ని చంపుతున్నావు బాబూ?" అంది థెమెలీనా తాళంచెవి చేతికిస్తూ.

అర్గిరిస్ ఉలిక్కిపడ్డాడు.

"నీ పుస్తకంలోనయ్యా! ఇంకా ఎవర్నీ అనుకోకపోతే మా మేయరుని చంపు. ఊరంతా కొని చదువుతారు."

ఇంజనీర్ సకెల్లారిస్ లోపల్నుంచి వచ్చాడు. పొట్ట ముందుకొచ్చిన, నవ్వు ముఖం మనిషి. "మా అమ్మ మాటలు పట్టించుకోకండి. మేయరు ఆవిడ తమ్ముడే."

"అందుకేగా చెబుతున్నాను" అంది థెమెలీనా.

శనివారం ఉదయం స్పాంజీలు ఆరబెట్టే షెడ్డు దగ్గర ఆమె కనిపించింది. తెల్ల గౌను, నల్ల కళ్ళద్దాలు.

"ఈ ఏడు స్పాంజికి గిరాకీ ఉంటుందా?" అన్నాడు అర్గిరిస్.

"ఉప్పు వదిలితే ఉంటుంది" అంది ఇస్మీనీ. కోడ్ సరిపోయింది. కానీ అర్గిరిస్ పిడికిలి విప్పలేదు.

"దామియానోస్ పడిపోయినప్పుడు నువ్వు పక్క టేబుల్ దగ్గరే ఉన్నావు."

"ఉన్నాను."

"గ్లాసులో ఏదో కలపడం చూశావు."

"చూశాను. మాన్‌హార్ట్ నన్ను అక్కడ కూర్చోబెట్టిందే అందుకు. నేను చెయ్యి ఎత్తి ఆపుతానా లేదా అని చూడ్డానికి." ఆమె చుట్టూ ఒకసారి చూసింది. "ఎత్తుంటే ఇద్దరం చచ్చేవాళ్ళం. ఇంజనీర్ మూడోవాడయ్యేవాడు. నన్ను తిట్టాలనుంటే సోమవారం తిట్టు. ఇవాళ టైం లేదు."

"బాంబు ఎక్కడ?"

"నాకు చెప్పలేదు. ఇంకా అనుమానం పోలేదు వాడికి. ఇంజనీర్‌తో పరిచయం పెంచుకోమన్నాడు, పెంచుకున్నాను. రేపు భోజనానికి రమ్మన్నాడాయన. తర్వాత ఏం చెయ్యాలో మాన్‌హార్ట్ పొద్దున చెబుతాడట."

ఆమె వెళ్ళిపోయింది. నిజమా? నటనా? అర్గిరిస్‌కి అంతుచిక్కలేదు. ఆ రోజంతా అతను ఒకచోట నిలవలేదు. ఇంజనీర్ పడవ, కారు, చర్చిలో ఆయన నిలబడే చోటు, ఇంట్లో మంచం కింద, కుర్చీ కింద, పియానోలో అన్నీ లైటర్ పట్టుకుని వెతికాడు. అది నోరు మెదపలేదు.

"ఆ లైటర్ పాడైందిగా, పారెయ్యి" అంది థెమెలీనా.

"ఆలోచన రావడానికమ్మా."

"వచ్చిందా?"

"ఇంకా లేదు."

సాయంత్రం కోస్ట్‌గార్డ్ కెప్టెన్‌తో మాట్లాడి, తెల్ల యాట్‌కి దగ్గర్లో చేపల పడవ వేషంలో ఒక లాంచీని నిలబెట్టించాడు. చేతిలో రుజువు లేకుండా యాట్ ఎక్కలేమన్నాడు కెప్టెన్. రుజువంటే ఏమిటో అర్గిరిస్‌కి తెలుసు. ఇంజనీర్ శవం.

ఆదివారం ఎండ పొద్దుటే చిటపటలాడింది. ఎదురుగా ఉన్న రెండు కొండల మీదినుంచీ డైనమైట్ మోతలు మొదలయ్యాయి. ఒక కొండ వాళ్ళు విసిరితే రెండో కొండ వాళ్ళు ఈలలు వేసి వెక్కిరిస్తున్నారు. ప్రతి మోతకీ అర్గిరిస్ ఇంజనీర్ వైపు చూస్తున్నాడు. డాబా మీద బల్ల వేశారు. ఎర్రరంగు అద్దిన పండగ గుడ్లు, రొట్టె, వైను. తెల్ల యాట్ కిందికి చాలా దగ్గరగా వచ్చి ఆగింది.

ఇస్మీనీ వచ్చింది. చేతిలో మడిచిన పసుపు గొడుగు. గుడ్డు అందిస్తున్న నెపంతో అర్గిరిస్ వైపు వంగి, పెదవులు కదలకుండా చెప్పింది. "ఆయన బల్ల ముందు కూర్చోగానే ఇది తెరవాలి. యాట్ మీద వాడు బటన్ నొక్కుతాడు."

"తెరవకు."

"తెరవను. కానీ ఎంతసేపు ఆగుతాడు?"

అర్గిరిస్ బల్ల కిందా పైనా చూశాడు. ఏమీ లేదు. అప్పుడే థెమెలీనా మెట్లెక్కి, పిండితో మూత అంటించిన పెద్ద మట్టికుండ తెచ్చి కొడుకు ముందు పెట్టింది. బియ్యం కూరిన గొర్రెమాంసం. నిన్నటి నుంచీ రొట్టెల బట్టీలో ఉడికింది.

"ఎప్పుడూ నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. ఇవాళ బట్టీ మనిషినంటూ ఎవరో గుమ్మంలో పెట్టిపోయాడు" అని, ఉత్త చేతుల్ని చూసుకుని మొహం చిట్లించింది. "దరిద్రుడు! రాత్రే తీసి పక్కన పడేసినట్టున్నాడు. రాయిలా చల్లబడిపోయింది!"

ఇంజనీర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అర్గిరిస్ లైటర్ తీసి కుండ పక్కన పెట్టాడు.

టిక్. టిక్. టిక్.

అదే క్షణంలో థెమెలీనా ఇస్మీనీ వైపు తిరిగింది. "అయ్యో అమ్మాయ్! మొహం కందగడ్డలా అయిపోతోంటే గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావా? మా ఎండ సంగతి నీకేం తెలుసు!"

"వద్దండీ, నాకు ఎండంటే ఇష్టం..."

"ఇష్టమట! ఇటివ్వు!"

లాక్కుంది. ఇస్మీనీ రెండు చేతులా పట్టుకుంది. స్పాంజీ పడవల తాళ్ళు లాగి రాటుదేలిన చేతులవి, ఆగుతాయా? పసుపు గొడుగు ఎండలో టపుక్కున విచ్చుకుంది.

"అర్గిరిస్!" ఇస్మీనీ అరుపు.

అతను అప్పటికే కుండను గుండెకి హత్తుకుని పరిగెడుతున్నాడు. కుర్చీ కాలికి తన్నుకుంది, కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. యాట్ మీద ఒకడు బైనాక్యులర్స్ దించి, పెట్టె మూత తెరిచి, వేలు పెట్టడానికి ఎంతసేపు కావాలి? పిట్టగోడ తగలగానే నడుం విరిచి విసిరేశాడు.

కుండ ఎండలో ఒక్కసారి గిరగిరా తిరిగింది.

నీటిని తాకుతుండగా పేలింది. తెల్లటి నీటిగోడ లేచి డాబా అంతా తడిపేసింది. కిటికీ అద్దాలు గలగలా రాలాయి. ఇంజనీర్ బల్ల కింద ఉన్నాడు. ఆయన మీద ఇస్మీనీ అడ్డంగా పడి ఉంది. భుజంలో గాజుపెంకు దిగి, తెల్ల గౌను ఎర్రబడుతోంది.

కింద లాంచీ గర్జించింది. కోస్ట్‌గార్డ్ వాళ్ళు యాట్ ఎక్కేసరికి మాన్‌హార్ట్ చేతిలో బటన్ పెట్టె అలాగే ఉంది. పండగ చూడ్డానికొచ్చానన్నాడు.

అర్గిరిస్ మోకాళ్ళ మీద కూర్చుని ఇస్మీనీ భుజానికి రుమాలు కట్టాడు.

"సోమవారం తిట్టమన్నానుగా" అందామె, పళ్ళబిగువున.

"తిట్టను" అన్నాడు. "రేపు దామియానోస్‌ని ఖననం చేస్తున్నారు. నాతో రా."

ఆమె నల్ల కళ్ళద్దాలు ఎక్కడో పోయాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యే ఉంది.

థెమెలీనా తడిసిన జుట్టుతో నడిడాబా మీద నిలబడి, ముందు కొడుకుని, తర్వాత బాధపడుతున్న పిల్లని, ఆ తర్వాత రచయితని చూసింది. కొడుకుని చెవి పట్టుకుని బల్ల కిందనుంచి లాగి గట్టిగా కావలించుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఎదుటి కొండ మీద మాత్రం చప్పట్లు మోగాయి. ఎవడో నోటికి చేతులడ్డం పెట్టుకుని బొబ్బపెట్టాడు:

"ఒరేయ్, డాబా మీదోడా! మందు బాగా దట్టించావు గానీ, వత్తి మరీ పొట్టిగా కోశావురా!"