మూలుగుల ఇంట్లో ఆఖరి పాట

ఆ వీధి చివరింటికి మూలుగుల ఇల్లని పేరు. చీకటి పడితే చాలు, లోపల్నుంచి ఒక మూలుగు... సన్నగా మొదలై, గోడలదిరేలా లేచి, టక్కున ఆగిపోయేది. కుక్కలు కూడా అటు మొరగడం మానేశాయి.

అలాంటి ఇంట్లోకి మా బాబాయి ఒక రాత్రి వెళ్లాడు. ఆయన పాటలు రికార్డు చేసే మనిషి. లాక్కెళ్లింది ఆయన మరదలు. పాత ఏడుపు పాటలు ఏరి, తనే పాడి, పాట కింద చెల్లో అనే పెద్ద ఫిడేలు వాయించి, వెనకాల బావిలోంచి వచ్చినట్టు ఒక హోరు పెట్టి ఆల్బమ్ చేస్తోంది. వింటే కన్నీళ్లు రావాలని ఆవిడ ఆశ. మా ఇంట్లోవాళ్లకి నిద్రొచ్చేది.

ఇంకొక్క పాటే మిగిలింది. దానికి కావలసిన ప్రతిధ్వని ఆ ఇంటి హాల్లోనే ఉంది. తెల్లారితే ఇల్లు కూల్చేస్తారు.

వంటింట్లో ఫ్రిజ్ గుయ్యిమంటోంది. ఆ చప్పుడు రికార్డులో పడకుండా బాబాయి దాన్ని ఆపేశాడు. వెళ్లేటప్పుడు మళ్లీ వేయడం మరిచిపోకూడదని కారు తాళాలు అందులో పెట్టాడు. రికార్డింగు చేసేవాళ్లకి అది అలవాటే. పక్కన నిండు క్యారేజీ ఉంది. ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ ఎందుకు నడుస్తోంది, ఆ తిండి ఎవరిది అని ఆలోచించాలా వద్దా? మా బాబాయి చెవులకే గాని బుర్రకి పని చెప్పడు.

హాల్లో మైకులు సర్దేసరికి గంట పట్టింది. దీపాలార్పారు. పాట మొదలైంది... రెండో చరణం దగ్గర హెడ్‌ఫోన్స్‌లో ఒక మూలుగు — అదీ శ్రుతిలో!

"నువ్వేనా?" బాబాయి గుసగుసగా అడిగాడు.

ఆవిడ "ఊహూఁ" అని, చెల్లో ఆపింది. మూలుగు మాత్రం ఆగలేదు...

ఇద్దరూ ఒకటే పరుగు! కారు దగ్గర బాబాయి జేబులు తడుముకున్నాడు.

"తాళాలు..."

"ఫ్రిజ్‌లో పెట్టావు కదా బావా!"

"వెళ్లి తేవా, మా అమ్మవి కదూ!"

"చెల్లోనే వదిలేసి వచ్చాను. తాళాలకి వెళ్తానా?"

చివరికి చేతులు పట్టుకుని ఇద్దరూ వెళ్లారు. ఫ్రిజ్ తెరిచారు. తాళాలున్నాయి. క్యారేజీ లేదు — సింకు పక్కన కడిగి బోర్లించి ఉంది.

"దెయ్యాలు... తింటాయా బావా?"

"తింటే తిన్నాయి. కడిగి పెడతాయా?"

వెనక గది తలుపు తోశారు. నోరు బార్లా తెరుచుకుని, గురకపెడుతూ ఒక ముసలాయన! ఇంటి కాపలాదారు.

లేపితే, "ఇన్నేళ్లలో ఒక్క దొంగ రాలేదు. నా కాపలా అలాంటిది!" అని మీసం దువ్వాడు. "ఈవేళ ఈ పిల్ల పాటకి ఎంత హాయిగా నిద్ర పట్టిందో!"

మరదలి మొహం మాడిపోయింది. కానీ రికార్డు మళ్లీ వింటే, ఆ గురక లేనిచోట పాట ఉప్పులేని కూరలా ఉంది. ఇన్నాళ్లూ వెతికిన హోరు ఇదే!

"తాతా, ఇంకోసారి గురకపెట్టవా?"

పాపం ప్రయత్నించాడు. దగ్గొచ్చింది. ఆవిడ మళ్లీ పాట ఎత్తుకుంది. పల్లవి పూర్తవకుండానే తాత అందుకున్నాడు.

ఆల్బమ్ బయటికొచ్చింది. ఆఖరి పాటలోని మూలుగులో వెయ్యేళ్ల దుఃఖముందని ఎవరో రాశారు. తాతకి చదివి వినిపిస్తే, "దుఃఖమేంటమ్మా, కడుపునిండా తిన్నానుగా!" అన్నాడు.

రెండో ఆల్బమ్‌కీ ఆయనే కావాల్సొచ్చాడు. అప్పటికి ఆయన ఎక్కడికో మకాం మార్చేశాడు, ఫోనూ లేదు. అయినా దొరకడం కష్టం కాలేదట. చీకటి పడ్డాక జనం ఈమధ్య ఏ వీధిలో నడవడం మానేశారని అడిగారు, అంతే.