నాలుగు వేళ్ల గుర్తు

గీదం కూడలిలో టైర్ల దుకాణం పైనున్న గదికి జనవరి చలిలో పొద్దున్నే ఎవరూ రారు. అందుకే మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే బిజ్జా కంబళి మడిచి పక్కన పెట్టాడు. వచ్చింది నలభై ఏళ్ల ఆడమనిషి. చేతిలో ఆకు పొట్లం ఉంది. గడప దాటకుండా అక్కడే నిలబడింది.

"బాబూరావు సారు ఈడనేనా? పోయినయి ఎతికి పెడతడంట."

"ఏం పోయింది అక్కా?"

"నా పేరు పోయింది."

కిటికీ దగ్గర కూర్చున్న బాబూరావు తల తిప్పాడు. ఇరవై ఏళ్లు అటవీ సరుకు కొనే గోదాములో పనిచేసిన మనిషి. తడిసి ఆరిన చింతపండును వాసనతో పట్టేసేవాడు. ఇప్పుడు అదే ముక్కుతో మనుషుల గొడవలు తేలుస్తున్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన జీపు నడుపుతున్న బిజ్జాకు బస్తర్ మొత్తంలో అంతటివాడు లేడని నమ్మకం.

"కూర్చో. మొదటినుంచి చెప్పు," అన్నాడు బాబూరావు.

ఆమె పేరు హుంగే. ఉసూర్ పక్క అడవి పల్లె నుంచి వచ్చి గీదం శివార్లో ఉంటోంది. మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతుంది. కిరందుల్‌లో గని క్వార్టర్లలో దేవిశ్రీ అనే ఆవిడ ఉంది. ఆమె కూతురు మోక్షితకు పాలు పడవు. చుక్క తగిలినా గొంతు వాస్తుంది. రెండేళ్లుగా ఆ పిల్ల తినే తీపి హుంగే లడ్డు ఒక్కటే. మూడు రోజుల కిందట, తన పుట్టినరోజున, ఆ లడ్డు తిని పిల్ల నీలంగా మారిపోయింది.

"ఇప్పుడెట్లుంది?"

"పానం దక్కింది. ఇంక దవాఖానలనే ఉంది. తల్లేమో నేను పాలపొడి కలిపిన్నంటది. కాలనీ అంత చెప్పింది. సాయంత్రం అయిదింటికి ఠాణాకు రమ్మన్నరు." ఆమె పొట్లం ఆయన ముందు పెట్టింది. "మా ఊళ్ల ఠాణాకు పోయినోళ్ల సంగతి నాకెరికే అన్నా. మా ఇంట్ల పాలే రావు. ఆవు పాలు దూడయి. మేం పితుకం. చాయ్ కూడ ఎర్రదే తాగుతం."

బాబూరావు పొట్లం విప్పాడు. పుట్టినరోజుకు పంపినవాటితో పాటే చేసిన లడ్డూలు. నల్లగా, గరుకుగా, కోలగా ఉన్నాయి. ఒక్కోదాని మీద నాలుగు వేళ్ల నొక్కులు. ఒకదాన్ని వేళ్లతో నొక్కితే పొడిపొడిగా రాలింది.

"దేంతో పట్టావు?"

"దేంతో లేదు. ఇప్పపూలు ఏంచి, నువ్వులు, బెల్లం ఏసి రోట్ల దంచుతం. నువ్వుల జిగురే చాలు. పొడి చేత్తోని పిడికిట గట్టిగ పిసుకుడే. ఇంకేం అంటనియ్యం."

బాబూరావు నలగని ఇంకో లడ్డును వాసన చూసి, ఆకులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన పొట్లం ఆమెకే ఇచ్చాడు.

"జీపు తియ్యి బిజ్జా."

లడ్డూల పెట్టెను కిరందుల్ చేర్చింది బస్సు కండక్టర్ సుక్రాం. మధ్యాహ్నం బస్సు తిరిగొచ్చాక బస్టాండులో దొరికాడు. సంగతి వినగానే రెండు చేతులూ ఎత్తేశాడు.

"అరే సాబ్, నా మీద పెట్టకండి! పెట్టె తీసుకున్నా, ఇచ్చిన. బస్, గంతే."

"బస్సులో ఎక్కడ పెట్టావు?"

సుక్రాం నసిగాడు. "వెనక... పాల ప్యాకెట్ల ట్రే పక్కన. కానీ పాలు కారలేదు సాబ్, కసమ్, ఒట్టు! దంతేవాడ దాటినాక గుంతల బస్సు ఎగిరింది. బియ్యం బస్తా ఒకటి పెట్టె మీద పడ్డది. పెట్టె చపాతీ అయింది. అంతే."

"ఎవరు తీసుకున్నారు?"

"పిల్ల నానమ్మ. పెట్టె చూసి, నా ముఖం చూసి, ఏం అనకుండ పోయింది."

"మాతో రా."

సుక్రాం గొణుగుతూనే వెనక సీట్లో హుంగే పక్కన కూర్చున్నాడు. జీపు కొండెక్కుతుంటే బిజ్జా గొంతు తగ్గించి, "పాల ట్రేనే సార్. తేలిపోయింది," అన్నాడు.

"పాలు కారితే ముందు ఏం తడుస్తుంది?"

"పెట్టె. తర్వాత చుట్టిన ఆకు."

"ఆకు చూద్దాం."

బిజ్జా గేరు మార్చాడు. తను ఊరు చేరాననుకున్నప్పుడల్లా ఈయన ఇంకా దారి చూపిస్తూనే ఉంటాడు.

క్వార్టర్ తలుపు తీసిన దేవిశ్రీ, హుంగేను చూడగానే మండిపడింది.

"ఏ ముఖం పెట్టుకుని వచ్చావు? నమ్మి నా బిడ్డ నోట్లో పెట్టాను కదా!"

"అక్కా, నేను..."

"అక్కా లేదు, చెల్లీ లేదు! ఠాణాలో చెప్పుకో."

పిల్ల దగ్గర పక్కింటావిడను కూర్చోబెట్టి ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన భర్త గిరీష్ ఆమె భుజం పట్టుకుని ఆపాడు. కోస్తా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న అతని తల్లి చిన్నమ్మి గోడవారగా నిలబడి ఉంది. పండుటాకులా ఉన్న ముసలామె. వచ్చినవాళ్లకు నీళ్లివ్వబోయింది. గ్లాసు నిండి పొర్లుతున్నా పోస్తూనే ఉంది.

పోలీసులకు చూపించడానికని దేవిశ్రీ అన్నీ దాచింది. నలిగిన అట్టపెట్టె, లడ్డూలు చుట్టి వచ్చిన ఆకులు, మిగిలిన లడ్డూలున్న స్టీలు డబ్బా. ఆకుల మీద తడి మరక లేదు. కానీ వాటినిండా పొడి అంటుకుని ఉంది. డబ్బాలో లడ్డూలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. చలికి వాటి మీద తెల్లటి పొర పేరుకుంది.

"ఇంట్లో పాలు వాడతారా అమ్మా?"

"మూడేళ్లయింది చుక్క తెచ్చి. పెరుగు లేదు, వంటలో నెయ్యి లేదు. పాప కోసం మేమూ మానేశాం."

బాబూరావు ఇల్లంతా ఓసారి చూశాడు. గోడ గూట్లో దేవుడి పటాల ముందు దీపం వెలుగుతోంది. పక్కన చిన్న గిన్నె. ఆయన దాని దగ్గర కాసేపు ఆగాడు. దండం పెట్టుకుంటున్నాడనుకున్నాడు బిజ్జా.

"అందరూ కూర్చోండి," అన్నాడు బాబూరావు వెనక్కి తిరిగి. "అయిదు కావస్తోంది. హుంగే ఠాణాకు వెళ్లాలో వద్దో ఇక్కడే తేలాలి."

ఒక పళ్లెంలో జేబులోని లడ్డు, డబ్బాలోని లడ్డు పక్కపక్కన పెట్టాడు.

"రెండూ ఒకే రోజు, ఒకే రోట్లో దంచినవి. ఇదేమో కోలగా ఉంది, నాలుగు వేళ్ల గుర్తుంది. అదేమో గుండ్రం. ఏ గుర్తూ లేదు. సుక్రాం, బస్తా పడ్డాక లడ్డు గుండ్రంగా ఉంటుందా?"

"కైసే సాబ్, ఎట్లుంటది? చూరా, పొడి అయిపోతది."

"అయింది. ఆకుల నిండా పొడి ఉంది. పొడిగా వచ్చినవి గుండ్రంగా ఎట్లా అయ్యాయి? ఈ ఇంట్లో ఎవరో మళ్లీ కట్టారు. పాల ట్రేకు ఏ సంబంధమూ లేదు. ఆకు తడవలేదు." గుండ్రటి లడ్డు బిజ్జాకు అందించాడు. "పొయ్యి సెగకు చూపించి, వాసన చూడు."

తెల్లపొర కరిగి మెరిసింది. బిజ్జా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన తెలిసినదే. ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ పీలుస్తున్నదే. అతని కళ్లు తమంతట తామే దేవుడి గూటి వైపు తిరిగాయి.

"నెయ్యి, సార్. దీపం నెయ్యి."

"గిన్నె అడుగున నేతి గసి కూడా ఉంది. పాలలోదే అది. హుంగే పొడి చేత్తో పిడికిట్లో పిసుకుతుంది. నేతి చేత్తో అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పడం కోస్తావాళ్ల అలవాటు."

 చిన్నమ్మి గోడవార నుంచి వచ్చి పళ్లెం పక్కన కూర్చుంది.

"నేనే బాబూ."

"అమ్మా!" అన్నాడు గిరీష్.

"పుట్టినరోజు కదరా. పొడి పెడితే ఏడుస్తాది. అందరి పిల్లల్లాగ గుండ్రటి లడ్డు కావాలంటాది. ముద్ద కట్టట్లేదని చేతికి ఒక్క చుక్క రాసుకున్నాను. కాచేసిన నెయ్యి ఇంకా పాలవుతాదేటి అనుకున్నాను. మా అమ్మ అలాగే కట్టేది, నేనూ అలాగే కట్టాను." ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. "ఆసుపత్రిలో డాక్టరు నెయ్యి కూడా పడదన్నప్పుడు తెలిసింది. నోరు పెగల్లేదు."

"మూడు రోజులు," అన్నాడు బాబూరావు. "మూడు రోజులు ఈమె ఠాణా తలుచుకుంటూ పడుకుంది."



దేవిశ్రీ చాలాసేపు అత్తగారినే చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది బిజ్జాకు. ఆమె ఫోన్ తీసి, కాలనీ ఆడవాళ్ల గ్రూపులో తన గొంతుతోనే చెప్పింది. "హుంగే తప్పు లేదు. పొరపాటు మా ఇంట్లోనే జరిగింది. నేను తొందరపడ్డాను." తర్వాత గిరీష్ ఠాణాకు ఫోన్ చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని, వెంటనే వస్తున్నానని చెప్పాడు.

ఫోన్ బల్ల మీదే ఉంది. అందరూ దాని వైపే చూస్తున్నారు. మొన్న నిందకు నిమిషంలో ముప్పై జవాబులొచ్చాయని దేవిశ్రీయే చెప్పింది. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

హుంగే కళ్లు తుడుచుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇంక నా చేత్తో దానికి ఏటీ పెట్టను," అంటోంది చిన్నమ్మి తనలో తాను.

హుంగే వెనక్కి వచ్చింది. ముసలామెను లేపి, పంపు దగ్గరికి తీసుకెళ్లి, వేడినీళ్లతో సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడిగించింది. తన దగ్గరున్న పొట్లంలోని లడ్డు చిదిపి ఆ పొడిని ఆమె అరచేతిలో పోసింది.

"పిడికిలి ముయ్యి అవ్వా. గట్టిగ."

చిన్నమ్మి మూసింది. తెరిస్తే పొడి జారిపోయింది.

"మళ్ల."

మళ్లీ జారింది. దేవిశ్రీ లేచి దీపం ఆర్పింది. నేతి గిన్నె బయట పెట్టి వచ్చి, ప్రమిదలో నువ్వుల నూనె పోసింది.

మూడోసారి హుంగే తన పిడికిలిని ముసలామె పిడికిలి మీద వేసి నొక్కింది. వేళ్లు తీశాక ఒక వంకర ముద్ద మిగిలింది. దాని మీద నాలుగు వేళ్ల గుర్తు పడింది. అవి ఎవరి వేళ్లో బిజ్జాకు తెలియలేదు. సారును అడుగుదామనుకుని, అడగలేదు.