వెన్న అరలో రెండు సీసాలు

"వెన్న పెట్టే అరలో ఇవేంటి? టోస్టు మీద పూసుకోమనా?"

ఫ్రిజ్ తలుపు పట్టుకుని క్లెమ్ అరిచేసరికి రోండా చేతిలోని బంగాళదుంప జారి సింకులో పడింది.

"గాలివానకి ల్యాబ్‌లో కరెంటు పోయిందట. టెగన్ రాత్రి తెచ్చి పెట్టింది. ముట్టుకోకు!"

"వరండాలో బీరు ఫ్రిజ్ లేదూ? ఇన్నేళ్లూ నా చేపలన్నీ అందులోనేగా ఉన్నాయి!"

"అది గడ్డ కట్టించేస్తుంది. గడ్డ కడితే కణాల పొరలు చిట్లిపోయి మైక్రోస్కోపుకి పనికిరావట. నీ కూతురే చెప్పింది."

"చేప వీర్యానికి వెన్న అర, నా బీరుకి వరండా! బాగుంది మర్యాద."

నవ్వుతూనే ఆయన ఒక సీసా తీసి వెలుతురుకి పట్టాడు. రోండా గభాల్న లాక్కుంది! లాక్కున్నాక గానీ, అంత తొందర చూపించకూడదని తోచలేదు. ఆయన వెన్న తీసుకోకుండానే తలుపు మూసి వెళ్లిపోయాడు.

సీసా మీద చేప పేరు చదివేశాడా? చదివే ఉంటాడు... దేవుడా!

జూలైలో ఆయన గుండెకి ఆపరేషన్ అయింది. మనసు కష్టపెట్టకండని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయన మనసంతా ఉన్నదేమో ఒక్క చెట్టులో! ఉత్తర క్వీన్స్‌లాండ్ వాగుల్లో ఏ చేప దేనికి చుట్టమో చూపే వంశవృక్షం అది. దవడలు, రెక్కల ముళ్లు కొలిచి చూసి చారల చేప, మచ్చల చేప అక్కచెల్లెళ్లని తేల్చింది ఆయనే. ఆ చెట్టుని సిరాతో గీసింది మాత్రం రోండా. తన చదువు మధ్యలో ఆపేసి, టెగన్ కడుపులో ఉండగా, చెమట కాగితం మీద పడకుండా మోచేతి కింద తువ్వాలు వేసుకుని కొమ్మ తర్వాత కొమ్మ గీసింది. ఆ చెట్టు అచ్చయిన ఆయన పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు... ఆమె కూడా.

ఇప్పుడా చెట్టే తప్పంటోంది కూతురు! రాత్రి సీసాలు పెడుతూ ఆ మాట అన్నప్పటినుంచి రోండాకి కంటిమీద కునుకు లేదు.

టెగన్ లేచి రాగానే బట్టలుతికే గదిలోకి లాక్కెళ్లి తలుపు మూసింది.

"ఇంకోసారి చూడవే తల్లీ... పొరపాటేమో!"

"ఎన్నిసార్లు చూసినా అంతేనమ్మా. చారలదాని వీర్యకణానికి తోక పొడవునా అటూ ఇటూ సన్నటి రెక్కలున్నాయి. మచ్చలదానికి లేవు."

"తోకకి రెక్క లేకపోతే చుట్టరికం పోతుందా? నా ముక్కు నీకు రాలేదు, నా కూతురివి కాకుండా పోయావా?"

టెగన్‌కి నవ్వొచ్చింది. "అదొక్కటే అయితే నేనూ నమ్మను. కణం తల పొడుగా, గుండ్రమా అన్నది అసలు లెక్కలోకే తీసుకోలేదు. గుడ్డుని చేరే పద్ధతిని బట్టి అది మారిపోతుంది. కానీ తోక మొదట్లో రెండు చిన్న గొట్టాలుంటాయి. చారలదాంట్లో అవి ఒకదానికొకటి అడ్డంగా, మచ్చలదాంట్లో ఒకే వరసలో ఉన్నాయి. మచ్చలదాని కణం అచ్చం సముద్రపుటొడ్డు చేపల కణంలాగే ఉందమ్మా. అది వాటి చుట్టం. ఒకే రకం వాగుల్లో బతికి బతికి పైకి చారలదానిలా తయారైంది, అంతే."

"గురువారం శాస్త్రవేత్తల సభలో చెప్పకు. నాన్న కోలుకునేదాకా ఆగు..."

"కోలుకునేదాకానా, పోయేదాకానా?"

రోండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టెగన్ తల్లి భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు మాత్రం భయం లేదా అమ్మా! వాగులో వల పట్టడం నేర్పింది నాన్నేగా! ఆయన ఎదుట నిలబడి ఆ మాట ఎలా అనను..."

మధ్యాహ్నం ఆదివారం భోజనం. వేయించిన గొర్రెమాంసం, గుమ్మడికాయ, పుదీనా పచ్చడి. పైన ఫ్యాను తిరుగుతోంది. క్లెమ్ మాంసం కోసి ముగ్గురికీ వడ్డించి, చాకు పక్కన పెట్టాడు.

"టెగన్, ఆ గొట్టాలు అడ్డంగా ఉన్నాయా, వరసగానా?"

రోండా చేతిలోని ఫోర్కు పళ్లెంలో పడింది.

"ఆ రెండు పేర్లూ ఒకే అరలో పక్కపక్కన కనిపించాక నాకు తెలియదటే! ఆ రెండిటినీ కలిపి చూసేవాళ్లు చూసేది ఒక్కందుకే, చుట్టరికం తేల్చడానికే."

"మచ్చలదాంట్లో... వరసగా, నాన్నా."

ఆయన కళ్లు మూసుకుని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. రోండా కుర్చీ వెనక్కి తోసి లేచింది!

"కూర్చో రోండా. గుండె కాదు, గుమ్మడికాయ! నిప్పులా ఉంది."

నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి కూతురివైపు తిరిగాడు.

"గురువారం నువ్వు చెబుతున్నావు. నేను ముందు వరసలో కూర్చుంటాను. నా మొహం చూసి ఎవరైనా చప్పట్లు కొట్టడానికి జంకితే నేనే మొదలెడతాను. ఇంకో మాట. కొత్త చెట్టు కంప్యూటరు గీయదు, మీ అమ్మ గీస్తుంది. కింద ఆమె పేరుంటుంది. మొదటిసారి లేకపోవడం నా తప్పు. దాన్ని ఏ చేప మీదికీ నెట్టలేను."

రోండాకి పళ్లెం మసకబారిపోయింది. "నా చెయ్యి వణుకుతోంది క్లెమ్... ఇప్పుడెలా గీయను?"

"వణకనీ. కొమ్మలేగా! వంకర ఉంటే మరీ బాగుంటాయి."

ఆమె ఏప్రాన్ అంచుతో కళ్లు తుడుచుకుని, కూతుర్ని చూసి, మొగుణ్ణి చూసి, మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది.

"అయితే గురువారం దాకా వెన్న సంగతి మరిచిపోండి. ఈ ఎండకి సిరా చిక్కబడుతుంది. దాని సీసా కూడా ఆ అరలోనే పెడతాను."