పొడిచర్మం పిల్లకి ఫేస్ వాష్

"మీ ఫేస్ వాష్ నా మొహం కాల్చేసిందండీ!"

కడియం మెయిన్ రోడ్డు మీది మెడికల్ షాపులో హారతి తలెత్తి చూసింది. కౌంటర్ అవతల నిలబడ్డ కుర్రాడి మొహం నిజంగానే పండుమిరపకాయలా ఉంది. బీఫార్మసీ చదివి బాబాయి షాపులో కూర్చున్న పిల్ల కస్టమర్ని చూసి నవ్వకూడదు గనక, దగ్గింది.

"ఎలా వాడారండి?"

"రెండు రకాలు కొన్నాను కదండీ, మొటిమలకొకటి, మెరుపుకొకటి. రెండూ కలిపేసి రాశాను."

"కలిపేశారా!"

"మా నర్సరీలో అంతేనండి. పురుగుమందూ తెగులుమందూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టేస్తాం. ఒక్కరోజులో పనైపోతుంది."

"ఎంతసేపుంచారు?"

"ఆరేదాకా. మందు ఆకు మీద ఆరాలి కదండీ, లేకపోతే పనిచెయ్యదు."

ఇక హారతి వల్ల కాలేదు. మందుల అట్టపెట్టె మొహానికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వేసింది.

"నవ్వండి, నవ్వండి! ఆదివారం కాకినాడలో నాకు పెళ్లిచూపులు. ఈ మొహం చూసి ఆ అమ్మాయి గుమ్మంలోంచే పారిపోతే మీదే బాధ్యత."

పేరు మణిదీప్ అట. వాళ్ల అమ్మ రత్నమాణిక్యం గారితో కలిసి నర్సరీ చూసుకుంటాడు. హారతి నవ్వు ఆపుకుని రెండు ట్యూబులూ తిరగేసింది.

"ఒకదాన్లో శాలిసిలిక్ యాసిడ్, రెండోదాన్లో గ్లైకాలిక్ యాసిడ్. రెండూ కలిపి ఆరబెట్టుకుని ఎండలోకి వెళ్లారు. మొహం మిగిలినందుకు సంతోషించండి! ప్రస్తుతం రెండూ పక్కన పెట్టేయండి. ఈ గ్లిజరిన్‌ది తీసుకోండి, సెంటు వాసన ఉండదు. అర నిమిషం రుద్ది, కడిగెయ్యాలి. కడిగెయ్యాలి, వినపడిందా?"

"వినపడిందండి. ఇది మాత్రం పడుతుందని గ్యారంటీ ఏంటి?"

"ముందు దవడ కింద కొంచెం రాసి, ఒకటి రెండ్రోజులు చూడండి. కొత్తది ఏదైనా అంతే. మంట లేకపోతేనే మొహానికి."

మర్నాడు సాయంత్రం మొహం చూపించడానికి వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మొహం ఎలాగూ తెచ్చాడు గనక, షెల్ఫులో ట్యూబులన్నీ దింపించి వెనకాల సన్నటి అక్షరాలు చదివించుకునేవాడు. హారతి కూడా విసుక్కోకుండా చెప్పేది. జిడ్డు చర్మానికైతే శాలిసిలిక్, రంధ్రాల్లోకి వెళ్లి జిడ్డు కరిగిస్తుంది. పొడి చర్మానికి గ్లిజరిన్, సెరమైడ్లు, తడి పోనివ్వవు. సున్నితమైన చర్మానికి సెంటు కలిపినవి వద్దు. నురగ ఎక్కువొస్తే బాగా శుభ్రమైనట్టు అనుకుంటారు గానీ, నురగ తెప్పించే కొన్ని సల్ఫేట్లు చర్మానికున్న నూనె కాస్తా ఊడ్చేస్తాయి.

"అంటే కాక్టస్‌కి ఇసుక, ఫెర్న్‌కి కొబ్బరిపొట్టు. ఒకే మట్టి అందరికీ పడదు."

"అబ్బో, త్వరగానే ఎక్కిందే!"

"మరి నాది ఏ నేలండి?"

"ముక్కు జిడ్డు, బుగ్గలు పొడి. కాంబినేషన్."

"మీది?"

"ఒట్టి పొడి. ఈ ఏసీ కింద కూర్చుంటే పొట్టు లేస్తుంది."

"మరి ఏ ఫేస్ వాష్ వాడతారు?"

హారతి కాస్త తడబడింది. "మా పిన్ని కొనే ఒంటిసబ్బు."

మణిదీప్ ఆమె బుగ్గలకేసి చూశాడు. చూడాల్సినదానికన్నా కొంచెం ఎక్కువసేపే చూశాడు. బయట చినుకులు మొదలయ్యాయి. బండి ఉండి కూడా వాన తగ్గేదాకా కదల్లేదు మహానుభావుడు.

శనివారానికి మొహం తేటపడింది.

"మరి రేపు కాకినాడ వెళ్లమంటారా?" అన్నాడు మణిదీప్, ఎటో చూస్తూ.

వెళ్లొద్దు అనడానికి తనెవరు? "మొహం బాగుపడింది కదండీ. వెళ్లండి," అంది.

అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాక గానీ తనేం చేసిందో తెలియలేదు హారతికి. ఇన్నాళ్లూ తనకు నచ్చినవాణ్ణి శుభ్రంగా తోమి, ఇంకో అమ్మాయి కోసం తయారుచేసి పంపింది. ఏడుపొచ్చింది.

సోమవారం అతను రాలేదు. మంగళవారం పొద్దున్నే ఒక పెద్దావిడ షాపులోకి వచ్చింది.

"నేను మణిదీప్ వాళ్లమ్మనమ్మా. మా కోడలు పిల్లకి ఫేస్ వాష్ కావాలి."

కాకినాడ సంబంధం ఖాయం అయిపోయిందన్నమాట.

"ఎలాంటి చర్మం అండి?" హారతి ట్యూబుల షెల్ఫు వైపు తిరిగింది.

"పొడి చర్మమట. బుగ్గలు పొట్టు లేస్తాయట."

ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేద్దామా అనిపించింది. నురగ బాగా వచ్చేదొకటి ఎదురుగానే ఉంది. చెయ్యి దానిదాకా వెళ్లి ఆగింది. ఆ అమ్మాయేం చేసింది పాపం! పై అరలోంచి గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్నది తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది మంచిదండి. ఇప్పుడేం వాడుతున్నారు ఆవిడ?"

"ఒంటిసబ్బట."

"ఒంటిసబ్బా? పొడి చర్మానికి ఒంటిసబ్బేంటండీ! ఆ మాత్రం తెలియదా ఆ అమ్మాయికి?"

"తెలుసమ్మా. ఊరందరికీ చెబుతుందట, తను మాత్రం వాడదట."

హారతి చెయ్యి తన బుగ్గ మీదికి వెళ్లింది.

రత్నమాణిక్యం గారు ట్యూబు ఆమెవైపే జరిపారు. "కాకినాడ ప్రయాణం శనివారం రాత్రే మానిపించాడమ్మా. మనసులో ఒకరుండగా ఇంకొకరిని చూడ్డానికి వెళ్లటం రెండు మందులు కలపటమేనట, కలిపితే మొహం కాలుతుందట. ఆ పెద్దమనుషులకి ఫోన్ చేసి క్షమించమని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇంకా మీ బాబాయి గారిని కలవలేదు. ముందు నిన్నడగమన్నాడు. నీకిష్టమేనా తల్లీ?"

అద్దాల తలుపు అవతల, మొక్కల వ్యాను పక్కన నిలబడి మణిదీప్ ఒక బంతిమొక్కని శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. దానికి ఏ తెగులూ లేదు.

హారతి ట్యూబు తీసుకుని లోపలికి వెళ్లింది. అర నిమిషం రుద్ది, కడుక్కుని, తడి మొహంతోనే తలుపు తీసుకుని బయటికొచ్చింది.

మణిదీప్ కంగారుపడిపోయాడు. "అదేంటండీ! ముందు దవడ కింద రాసి, రెండ్రోజులు చూడాలి కదా?"

"వారం నుంచీ చూస్తూనే ఉన్నానండి," అంది హారతి. "నాకు పడింది."