షెడ్డులో పాత వ్యాను

ఆ ఇంటి కారు షెడ్డుకి మంచి పేరు లేదు.

ఇల్లు బాగానే ఉండేదట. గాలీ, వెలుతురూ, నీళ్ళూ దేనికీ లోటు లేదు. అద్దెకి దిగినవాళ్ళందరూ ఇల్లంతా వాడుకునేవాళ్ళు, షెడ్డు జోలికి మాత్రం పోయేవాళ్ళు కాదు. ఒకాయన కొత్త కారుని వీధిలో వానకి వదిలేశాడు గానీ లోపల పెట్టలేదు. బల్బు మార్చడానికి వెళ్ళిన కరెంటు మేస్త్రీ నిచ్చెన అక్కడే వదిలేసి బయటికొచ్చేశాడు. దానికోసం మళ్ళీ రాలేదు. ఏముందయ్యా లోపల అని అడిగితే... "ఏమీ లేదు. కానీ మనం ఒక్కళ్ళమే ఉన్నట్టు ఉండదు" అన్నాడట.

ఇల్లుగలావిడ మా పిన్నికి తాళాలిస్తూ ఒకే ఒక్క మాట చెప్పింది.

"చీకటి పడ్డాక షట్టరు దించేసుకో అమ్మా."

ఎందుకని పిన్ని అడగలేదు. అప్పుడామె ధ్యాసంతా వ్యాను మీదే.

ప్రయాణాలకి వాడే పాత వ్యాను అది. వెనక మడత మంచం, కిటికీ పక్కన చిన్న గట్టు, దాని మీద పొయ్యి. ఎండకి రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. తలుపు అంచులన్నీ తుప్పే. నలుగురిచేత తోయించి దాన్ని షెడ్డులోకి చేర్చారు.

పిన్నిది కళ్ళద్దాల కొట్లో ఉద్యోగం, పగలు. బాబాయిది గోదాము కాపలా, రాత్రి. ఈమె ఇంటికొచ్చే వేళకి ఆయన టిఫిను డబ్బా పట్టుకుని గేటు దగ్గర ఉండేవాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం గేటు దగ్గరే జరిగిందని మా ఇంట్లో వేళాకోళం. వ్యానుకి రంగు వేసుకుని, ఇద్దరూ సెలవు పెట్టి, ఎటో ఒక వైపు పోయి, నాలుగు రాత్రులు ఒకే కప్పు కింద పడుకోవాలి... అంతకంటే పెద్ద కోరికలేం లేవు పిన్నికి.

"షాపుకిస్తే వారంలో వేసిస్తారు కదా" అన్నాడు బాబాయి.

"వాళ్ళు వేస్తే వాళ్ళ పని. మనం వేసుకుంటే మనది" అంది పిన్ని.

రోజూ కొట్టు నుంచి రాగానే తలకి పాత చున్నీ చుట్టుకుని, చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి రుద్దడం మొదలుపెట్టేది. పాత రంగు పిండిలా రాలేది. ముక్కులోకి పోయేది, అన్నంలోకి కూడా వచ్చేది. చీకటి పడగానే షట్టరు దించేది.

కానీ రాత్రి నిద్ర పట్టేది కాదు.

వంటింటి గోడకి అవతలే షెడ్డు. మంచినీళ్ళకని లేస్తే... గోడ వెనక ఏదో కిర్రుమన్నట్టు ఉండేది. ఒకసారి ఎవరో దగ్గు ఆపుకున్నట్టు. చెవి ఆనించి నిలబడితే ఏమీ లేదు. వచ్చి పడుకుంటే మళ్ళీ... కిర్రు.

ఒక రాత్రి వంటింటి తలుపు తీసి చూసింది. షెడ్డు పక్కతలుపు సందులోంచి, వ్యాను కిటికీ తెర వెనక, మసక వెలుగు. చూస్తుండగానే ఆరిపోయింది.

అయినా పని ఆపలేదు. తలుపున్న వైపు, రంగుకి ముందు పూతగా, ప్రైమరు వేసింది. మర్నాడు తెల్లవారాక వెళ్ళి చూస్తే, తలుపు పిడి పక్కన... పచ్చి ప్రైమరులో ఒక అరచెయ్యి. పెద్ద చెయ్యి. వేళ్ళు కిందికి జారిన గీతలతో సహా.

డ్యూటీ నుంచి వచ్చిన బాబాయికి చెప్పింది. ఆయన చెంబెడు నీళ్ళతో చేతులు రుద్దుకున్నాడు.

"రాత్రిపూట అటు వెళ్ళకు" అన్నాడు. "ఇంతమంది ఊరికే అనరు."

పిన్నికి అసలు భయం అప్పుడు మొదలైంది. దెయ్యాలంటే పగలబడి నవ్వే మనిషి ఆయన.

తర్వాత రాత్రుళ్ళు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. కునుకు పట్టినట్టే పట్టి ఉలిక్కిపడి లేచేది. కొట్లో ఒకరి అద్దాలు ఇంకొకరికిచ్చి చీవాట్లు తింది. ఆఖరికి భయపడీ పడీ విసుగొచ్చింది. ఏదైతే అదే అవుతుందని ఒక రాత్రి టార్చి పట్టుకుని, తుప్పు గీకే బద్ద ఇంకో చేతిలో పట్టుకుని, షెడ్డు పక్కతలుపు తోసింది.

థిన్నరు వాసన. చీకటి.

వ్యానులోంచి... ఊపిరి.

మనిషి ఊపిరి. నెమ్మదిగా, బరువుగా.

బద్ద పైకెత్తి, తలుపు ఒక్క గుంజు గుంజి, టార్చి వేసింది.

ముందు బూట్లు కనబడ్డాయి. వరసగా, నేల మీద. తర్వాత టిఫిను డబ్బా. తర్వాత మడత మంచం మీద, యూనిఫారంలోనే, మోకాళ్ళు ముడుచుకుని... బాబాయి.

ఆయన వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. గోళ్ళ అంచున బూడిదరంగు ప్రైమరు.

"గోదాములో కెమెరాలు పెట్టారు" అన్నాడు లేవకుండానే. "మనుషులక్కర్లేదన్నారు."

"ఎప్పుడు?"

"వ్యాను కొన్న వారానికే."

పిన్ని బద్ద కింద పడేసింది. ఏడుపూ, నవ్వూ, కోపం, మూడూ ఒకేసారి వచ్చాయట.

"నాతో చెప్తే ఏం పోయింది?"

"చెప్దామనే గేటు దగ్గర నిలబడేవాణ్ణి. నువ్వు వస్తూనే ఏ రంగు వేద్దామని అడిగేదానివి. నోరు వచ్చేది కాదు. కొన్నాళ్ళు బస్టాండులో కూర్చున్నా. వానలు పడ్డాయి. ఇంకెక్కడికి పోను?"

"నాకు దెయ్యం భయం పెట్టి మీరిక్కడ పడుకున్నారన్నమాట."

"తప్పే."

ఆమె ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. ఉద్యోగం పోతే పోయింది, మనిషి ఉన్నాడనిపించిందట పిన్నికి. ఎన్నాళ్ళకో ఆమె కళ్ళు మూతలు పడుతుండగా, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని అన్నాడు.

"అసలు నీకు తెలుసనే అనుకున్నా. తెలిసే, నా అంతట నేనే చెప్పాలని చూస్తున్నావేమోనని."

"నాకెలా తెలుస్తుంది?"

"మరి రోజూ రాత్రి వచ్చి రుద్దేదానివిగా. నేనిక్కడ ఊపిరి బిగబట్టుకుని పడుకునేవాణ్ణి. నువ్వు బయట... నెమ్మదిగా... ఉప్పుకాగితంతో..."

పిన్ని నిద్ర ఎగిరిపోయింది.

"నేను రాత్రిపూట ఈ షెడ్డులో కాలు పెట్టడం ఇవాళే" అంది, గొంతు తగ్గించి.

బాబాయి ఆమె మొహం వంక చూశాడు. ఆమె వేళాకోళం ఆడటం లేదు.

"ఏ వైపు?" అని గుసగుసగా అడిగింది.

ఆయన గడ్డంతో గోడ వైపు చూపించాడు.

పిన్ని చెయ్యి చాపి వ్యాను తలుపు లోపల్నుంచి మూసేసింది. టార్చి ఆర్పలేదు. తెల్లవారేదాకా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఏ చప్పుడూ వినబడలేదు. వినబడకపోవడానికే ఎక్కువ భయం వేసిందట.

వెలుతురు రాగానే షట్టరు ఎత్తి, పక్కింటివాళ్ళని పిలిచి, వ్యానుని వాకిట్లోకి తోయించారు. మిగతా రంగు ఆరుబయటే వేసుకుందామని.

వ్యానుకీ గోడకీ మధ్య బల్లి దూరేంత సందే ఉండేది. చెయ్యి పట్టదు, చెక్కముక్క పట్టదు. అందుకే పిన్ని ఆ వైపు ఇంకా ముట్టుకోనేలేదు.

వ్యాను పూర్తిగా బయటికొచ్చాక అటు తిరిగి వెళ్ళి చూశారు.

ఆ వైపు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క పొలుసు రంగు లేదు. తుప్పు మరక లేదు. నున్నటి రేకు, అద్దంలా.

పిన్ని దాని మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఇంకా వాకిట్లోకి ఎండ రాలేదు.

రేకు వెచ్చగా ఉంది.