రెండు నిమిషాల నల్ల తెర

2005లో ఒక శుక్రవారం సాయంత్రం, దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఓ చిన్న గ్యాలరీలో ప్రొజెక్టర్ నడుపుతున్న జమీర్ సినిమా మధ్యలో ఆపేశాడు.

ఆపక ఏం చేస్తాడు? తెర నల్లబడి అర నిమిషమైంది. ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు తప్ప బొమ్మ లేదు. నెల్లూరు నుంచి వచ్చి మూడేళ్లుగా ప్రొజెక్టర్ల కంపెనీలో పనిచేస్తున్నవాడు, చూస్తూ కూర్చోలేకపోయాడు. లైట్లేసి, "సారీ, లాంప్ ఖలాస్!" అని ప్రకటించాడు. జనం నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఆ బ్రెజిల్ పొట్టి సినిమాలు తెప్పించడానికి ఆర్నెల్లు తిప్పలు పడిన గ్యాలరీ ఉద్యోగిని తహ్మీనా ఉరుకుతూ వచ్చింది.

"కిస్నే బోలా బంద్ కర్నేకో?" ఎవరాపమన్నారని నిలదీసింది.

"యా అల్లా, కొట్టేట్టుందే," గొణిగాడు జమీర్.

"తెలుగులో గొణిగితే తెలీదనుకున్నారా? మాది కడప! ఆ నలుపే సినిమా. రెండు నిమిషాలు అలాగే ఉంటుంది."

"ఏమీ చూపించకుండా సినిమానా?"

"డెబ్బైల్లో బ్రెజిల్‌లో సైన్యం రాజ్యం. మనుషుల్నే మాయం చేసేవాళ్లు. పెద్ద సినిమా తీస్తే సెన్సార్ కోసేసేది. అందుకే ఈ ఆర్టిస్టులు బుల్లి కెమెరాలతో తీసి, స్నేహితుల ఇళ్లల్లో చూపించుకున్నారు. అలా మాయమైన మనిషి ఊపిరండీ అది. మీరు లాంప్ అన్నారు!"

ఆ సెన్సార్‌కి చేతకానిది జమీర్ ఒక్క స్విచ్చితో చేసేశాడు.

"ముదీర్, అదే మా మేనేజర్, వచ్చే శుక్రవారం ఒక్క ఛాన్సిచ్చాడు. అప్పుడూ జనం లేచిపోతే ఈ సినిమాలూ, నా ఉద్యోగమూ రెండూ పోతాయి," అంది.

ఆ వారమంతా లంచ్ టైములో ప్రొజెక్టర్ చెక్ చేసే నెపంతో వచ్చాడు జమీర్. నిక్షేపంగా ఉన్న ప్రొజెక్టర్‌కి దుబాయ్‌లో ఎవరూ అన్ని పరీక్షలు చేయించి ఉండరు. ఒక సినిమాలో ఓ పెద్దమనిషి ఏడు నిమిషాలు మట్టి నమిలాడు.

"హీరోయిన్ ఎప్పుడొస్తుందండీ?"

"ఆ మట్టే హీరోయిన్."

"పాపం, మరీ అలా నమిలేస్తే ఎలా?"

తహ్మీనా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

శుక్రవారం రానే వచ్చింది. తెర నల్లబడగానే వెనకనుంచి ఎవరో "లైట్ డాలో భాయ్!" అని అరిచారు. కుర్చీలు కదిలాయి.

జమీర్ లేచి నిలబడ్డాడు. "కూర్చోండి సాబ్. ఏదీ చెడిపోలేదు. పోయినవారం ఆపిన గాడిదని నేనే. ఈ మనిషిని మాయం చేసేశారు. ఊపిరైనా విందాం."

ఎవరూ కదల్లేదు. చీకట్లో ఆ ఊపిరి ఒక్కటే వినిపించింది. తహ్మీనా వచ్చి పక్కన నిలబడింది. చేతులు తగిలాయి. ఇద్దరూ వెనక్కి తీసుకోలేదు.

ఆట అయ్యాక, బర్ దుబాయ్‌లో బట్టల కొట్టు నడిపే ఆమె తండ్రి రహమతుల్లా జమీర్ దగ్గరికొచ్చాడు.

"నిజం చెప్పు బేటా. నీకివి నచ్చాయా?"

పక్కనే తహ్మీనా. అబద్ధమాడితే పోయేదేం లేదు, అయినా నిజమే చెప్పాడు.

"నాలుగు అస్సలు నచ్చలేదు అంకుల్. మీ అమ్మాయి మాత్రం చాలా నచ్చింది. ఆమెకి ఇష్టమైతే మా నాన్నతో మాట్లాడిస్తాను."

"ఏ నాలుగు?" తహ్మీనా కళ్లెర్రజేసింది.

"ఇప్పుడెందుకులెండి..."

"ముందు అబ్బాకి మీ నాన్న నంబరివ్వండి. తర్వాత ఆ నాలుగూ ఏవేవో ఒక్కొక్కటే చెప్పండి, మీ సంగతి తేలుస్తా!"

రహమతుల్లా గబగబా ఫోన్ తీశాడు. "తొందరగా నంబర్ చెప్పు బేటా. మూడో సినిమా దాకా వచ్చి మీరు కొట్టుకునేలోపు నిఖా ఖాయం చేసేస్తా."